చెరువు నిండా చేపలే.. చెరువు చేప ఏదీ?

మృగశిర కార్తె ప్రవేశించే రోజున, అంటే జూన్ ఏడో ఎనిమిదో తేదీన, సికింద్రాబాద్‌లో చేప వండని ఇళ్లు తక్కువే. ముషీరాబాద్ పక్కన రాంనగర్ చేపల మార్కెట్‌లో తెల్లవారకముందే ఐసు లారీలు వరుస కడతాయి. గల్లీ గల్లీకీ ఒక కత్తిపీట వెలుస్తుంది. అటు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి ఉబ్బసం రోగులు వచ్చి బారులు తీరతారు. బతికి ఉన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి గొంతులోకి జారవిడుస్తారు. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే తగువు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. మన ధ్యాస ఆ చేపపిల్ల మీద.

ఆ పిల్ల హుస్సేన్ సాగర్‌లో పట్టింది కాదు. శామీర్‌పేటలోనో, కాప్రాలోనో పట్టింది కూడా కాదు. మత్స్యశాఖ చెప్పి పెంచించి, డ్రమ్ముల్లో తెప్పించింది. లారీల్లో దిగే చేపలో ఎక్కువ భాగం కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో మేత వేసి పెంచినదే. చెరువుల నగరమని పేరు మోసిన ఊరు తన పండగ రోజున తినే చేపకు వందల కిలోమీటర్ల దూరం చేయి చాస్తోంది. జీహెచ్‌ఎంసీ లెక్కలోనే 185 చెరువులున్నాయి. హెచ్‌ఎండీఏ పరిధిలో చూస్తే దాదాపు మూడు వేలు.

అంటే ఆ చెరువుల్లో చేపలు లేవని కాదు. ఉన్నాయి, కొన్నింట్లో కిక్కిరిసి ఉన్నాయి. ఏ చేపలున్నాయన్నదే అసలు ప్రశ్న. దాన్ని అడిగేవాళ్లు లేకపోవడమే ఈ కథనానికి కారణం.

ఎవరూ వదలని చేపలు

మార్కెట్‌లో బొచ్చె, రవ్వ, మెరిగె, బంగారు తీగ అని పిలిచి అమ్మేవన్నీ పెంపకపు చేపలు. వాటికి ముందు మన చెరువుల్లో, ఎవరూ తెచ్చి వదలకుండానే తరతరాలుగా బతికిన చేపలు వేరే ఉన్నాయి. తోక మొదట్లో నల్లచుక్క ఉండే వేలెడంత పరకలు. మీసాలు, ముల్లూ ఉన్న జెల్లలు. బురదలో దూరి, కుడితే చేయి వాచిపోయేలా కుట్టే ఇంగిలాయి. చేయి తిరిగిన జాలరి చేతిలోంచి కూడా జారిపోయే మార్పు. పామును తలపించే బొమ్మిడాయి. నోరు తెరిస్తే సగం ఒళ్లు నోరే అనిపించే వాలుగ. అన్నింటి మీదా పెత్తనం చేసే కొర్రమీను. చింతచిగురులో పరకలు వేసి వండిన కూర తిన్నవాళ్లకు ఈ జాబితా ఆకలి పుట్టిస్తుంది. ఆ కూర ఇప్పుడు నగరంలో జ్ఞాపకంగా మిగిలింది. వాలుగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐయూసీఎన్, ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది.

నిజాం కాలంలో ఈ చేపలకు ఒక లెక్క ఉండేది. 1940ల్లో ఎం. రహీముల్లా అనే జంతుశాస్త్రవేత్త హైదరాబాద్ రాష్ట్ర చేపల సర్వే పేరుతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా వ్యాసాలు రాశారు. జిల్లాలవారీగా ఏ వాగులో, ఏ చెరువులో ఏ జాతి దొరికిందో నమోదు చేశారు. మనకు తెలంగాణ వచ్చింది, రాష్ట్ర చేప కూడా వచ్చింది. 2016లో కొర్రమీనుకు ఆ హోదా దక్కింది. కానీ చెరువు చెరువుకూ తిరిగి జాతుల పేర్లు రాసుకునే ఆ పాత అలవాటు మాత్రం ప్రభుత్వ పద్ధతిగా నిలవలేదు. ఇప్పుడు ఏటా లెక్కపెట్టేది వదిలిన పిల్లల్ని, బతికిన జాతుల్ని కాదు.

ఈ చేపల్ని రెండు జట్లుగా చూస్తే తర్వాతి కథంతా సులభంగా అర్థమవుతుంది. పరకలు, బొచ్చె, రవ్వ లాంటివి మొప్పలతో నీటిలో కరిగిన ప్రాణవాయువునే పీలుస్తాయి. నీరు చెడితే వాటికి రెండో దారి లేదు. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి మొప్పలతో పాటు నేరుగా గాలి కూడా పీల్చగలవు. కొర్రమీనైతే మధ్య మధ్య పైకి వచ్చి గుటక వేయాల్సిందే. పైకి రానివ్వకుండా ముంచి ఉంచితే నీటిలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీటిలో మునిగి చావడమేమిటని నవ్వొచ్చు కానీ, నిజం. ఎండాకాలం అడుగంటిన చెరువుల్లో, బురదలో బతికి బయటపడటానికి ప్రకృతి వాటికిచ్చిన ఉపాయమది. మురుగు నిండిన చెరువుల్లో ఇప్పుడు అదే ఉపాయం వేరే రకంగా పనికొస్తోంది.

గొలుసు ఎక్కడ తెగింది

చెరువు చేప జీవితం చెరువులోనే మొదలై చెరువులోనే ముగియదు. తొలకరి పడి, వాగుల్లోంచి కొత్త నీరు దిగుతుంటే చేపలు ఆ నీటికి ఎదురెక్కుతాయి. కాలువలు ఎక్కి, మునిగిన గడ్డిలో, మోకాటి లోతు నీటిలో గుడ్లు పెడతాయి. పల్లెల్లో మత్తడి దుంకే రోజున జనం బుట్టలు, చీరలు పట్టుకుని కాలువల మీదికి పరుగెత్తేది ఆ ఎదురెక్కే చేప కోసమే. దక్కన్ పీఠభూమి మీద కాకతీయుల కాలం నుంచి చెరువుల్ని గొలుసుకట్టుగా తవ్వారు. ఎగువ చెరువు నిండితే అలుగు పారి దిగువ చెరువుకు. నీటికి అది కిందికి దిగే దారి, చేపకు పైకి ఎక్కే దారి. ఒక చెరువు ఎండి చేప పూర్తిగా పోయినా, మరుసటి ఏటి వానకు పక్క చెరువు నుంచి విత్తనం వచ్చి చేరేది.

సికింద్రాబాద్ తూర్పున ఆ గొలుసు ఆనవాళ్లు ఇంకా కనిపిస్తాయి. రామకృష్ణాపురంలో ముక్కిడి చెరువు, దాని కింద సఫిల్‌గూడ నడిమి చెరువు, ఇంకా కింద మల్కాజిగిరి బండ చెరువు. నడిమి అన్న పేరులోనే గొలుసుంది. పెద్ద వాన పడ్డప్పుడల్లా ఆ నీరు పాత దారి వెతుక్కుంటూ కాలనీల్లోకి దిగడం అక్కడివాళ్లకు అలవాటే. 2020 అక్టోబరు వరదల్లో అందరూ చూశారు. నీరు దారి మరిచిపోదు, మనిషి కట్టిన గోడను తోసుకుని పోతుంది. చేప అలా పోలేదు. ఒక చెరువుకూ మరో చెరువుకూ మధ్య కాలువ పైపుగా మారి, పైపు మీద రోడ్డు పడి, అందులో మురుగు పారుతుంటే పరక ఎదురెక్కేది ఎక్కడికి?

హుస్సేన్ సాగర్‌ది కూడా ఇదే కథ, పెద్ద అక్షరాల్లో. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన ఈ చెరువు దానంతట అది నిండే చెరువు కాదు. శంకర్‌పల్లి దగ్గరి బుల్కాపూర్ నుంచి మూసీ నీటిని కాలువలో మళ్లించి నింపేవారు. అంటే మూసీ చేపకూ హుస్సేన్ సాగర్‌కూ మధ్య రాకపోకలుండేవి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట చెరువు ఉత్తరాన కంటోన్మెంట్ ఊరు సికింద్రాబాద్ వెలిసింది. ఆ తర్వాత చాలాకాలం వరకూ, గండిపేట కట్టేదాకా, ఇది తాగునీటి చెరువే. ఆ బుల్కాపూర్ కాలువ ఇప్పుడు బుల్కాపూర్ నాలా. పేరు చివర మారిన ఒక్క మాటే జరిగిందేమిటో చెబుతుంది.

ఇక ఒడ్డు సంగతి. కొర్రమీను గుడ్లు పెట్టే తీరు చూడాలి. ఒడ్డు పక్కన గడ్డి మధ్య కొంచెం చోటు నోటితో, తోకతో శుభ్రం చేసుకుంటుంది. అక్కడ వదిలిన గుడ్లు పైకి తేలతాయి. తల్లీతండ్రీ కింద కాపలా ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు ఎర్రటి ముద్దలా గుంపు కట్టి తిరుగుతుంటే, ఆ ముద్ద కిందే పెద్ద చేప ఉంటుందని గాలం వేసేవాడికి తెలుసు. పిల్లల్ని కాపాడబోయి పట్టుబడే చేప అది. ఇంత సంసారానికి కావలసింది ఏటవాలుగా నీటిలోకి దిగే మట్టి ఒడ్డు, కాస్త తుంగ, కాస్త గడ్డి. సుందరీకరణ పేరుతో మనం మొదట తీసేసేవి సరిగ్గా అవే. చుట్టూ రాతి కట్టడం, నడకదారి, రెయిలింగు, రంగుల దీపాలు. సాయంత్రం నడకకు చోటు దొరికితే సంతోషించనివారు ఎవరుంటారు? కానీ నాలుగు వైపులా నిట్టనిలువు గోడ కట్టిన చెరువు చేప దృష్టిలో నీళ్లతొట్టి. 25 ఎకరాలు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్ల బఫర్ వదలాలని నిబంధన ఉంది. భవనాలు కట్టకూడదన్నదే ఆ నిబంధన ధ్యాస. గడ్డి ఒడ్డు మిగలాలన్న ఊసు ప్రాజెక్టు నివేదికల్లో వెతికితే కనపడదు.

తెల్లవారుజామున జరిగే చావు

చెరువులో చేపలు చచ్చి తేలాయన్న వార్త వచ్చినప్పుడల్లా విషం కలిపారన్న అనుమానం మొదట వస్తుంది. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు మాత్రం చంపింది ఊపిరాడకపోవడం.

మురుగులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. పొలానికి ఎరువు ఎలాగో చెరువులోని నాచుకు అవి అలా. నీరు చిక్కటి ఆకుపచ్చగా మారుతుంది. పగలు ఎండలో ఆ నాచు ప్రాణవాయువును వదులుతుంది. మధ్యాహ్నం నీరు పరీక్షిస్తే లెక్క బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పొద్దుగూకాక అదే నాచు, దాంతోపాటు అడుగున కుళ్లే మురుగును తినే సూక్ష్మజీవులు, ప్రాణవాయువును పీల్చేస్తాయి. తెల్లవారుజాముకు నీటిలో ఏమీ మిగలదు. 20 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. కాబట్టి ఎండాకాలంలో ముప్పు ఎక్కువ. చేపలు బతకాలంటే కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలత. నమూనా తీసే మనిషి ఆఫీసు వేళల్లో వస్తాడు. చేప చచ్చేది కోడి కూయకముందు. కాగితం మీది చెరువుకూ, నీటిలోని చెరువుకూ తేడా చాలావరకు ఇక్కడే ఉంది.

మొదటి పెద్ద వాన ఇంకో గండం. నాలాల అడుగున నెలల తరబడి పేరుకున్న బురద ఒక్కసారిగా చెరువులోకి కొట్టుకొస్తుంది. మబ్బు పట్టి ఎండ ఉండదు కాబట్టి నాచు కూడా చేతులెత్తేస్తుంది. ముందు నోరు తెరుచుకుని పైకి వచ్చేది బొచ్చె. దాని వెనుక రవ్వ. కొర్రమీను మాత్రం తాపీగా పైకొచ్చి గాలి మింగి కిందికి పోతుంది. 2017లో శామీర్‌పేట పెద్ద చెరువులో టన్నుల కొద్దీ చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు నగరమంతా ఉలిక్కిపడింది. అమీన్‌పూర్ వైపు గండిగూడెం చెరువులో అలాంటి దృశ్యం మళ్లీ మళ్లీ కనిపించింది. అక్కడ చుట్టూ రసాయన పరిశ్రమలున్నాయి. ప్రతిసారీ వరస ఒకటే. మత్స్యకారుల ధర్నా, అధికారుల రాక, సీసాల్లో నమూనాలు, పరిహారం మాట. నీటి నమూనా కంటే ముందు తీయాల్సింది ఏ జాతులు చచ్చాయన్న లెక్క. గాలి పీల్చే మార్పు, ఇంగిలాయి కూడా చచ్చాయంటే అది ఊపిరాడక జరిగిన చావు కాకపోవచ్చు, విషాన్ని అనుమానించాలి. ఈ చిన్న ఆనవాలు జాలరులకు తెలిసినంతగా కేసు రాసేవాళ్లకు తెలియదు.

హుస్సేన్ సాగర్‌లోకి దిగే నాలాలు నాలుగు: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బుల్కాపూర్. కంటోన్మెంట్ మురుగు మోసేది పికెట్ నాలా. జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ పారిశ్రామిక వ్యర్థాలు దశాబ్దాల పాటు కూకట్‌పల్లి నాలా మీదుగా వచ్చి చెరువు అడుగున చేరాయి. 2006లో జపాన్ రుణంతో ప్రక్షాళన ప్రాజెక్టు మొదలైంది. నాలాల నీటిని అడ్డుకుని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు, పూడిక కొంత తీశారు. దుర్వాసన తగ్గిందని చెరువు పక్కన నివసించేవారు ఒప్పుకుంటారు. ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ అడుగు బురదలో సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి భార లోహాలు ఉన్నాయని పరిశోధకులు పదేపదే చెప్పారు. బురదను తవ్వి తినే చేప ఆ లోహాన్ని ఒంట్లో చేర్చుకుంటుంది. వినాయక విగ్రహాల రంగులు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సంగతి 2021లో హైకోర్టు దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వాదోపవాదాల్లో వార్తలకెక్కింది క్రేన్లు, బారికేడ్లు, భక్తుల మనోభావాలు. చేప మాట వినపడినట్టు లేదు.

మందు కలిసిన నీరు

పటాన్‌చెరు సికింద్రాబాద్‌కు దూరమే. అయినా ప్రపంచ శాస్త్ర పత్రికల్లో హైదరాబాద్ నీటి పేరు ఎక్కువగా మోగింది అక్కడి నుంచే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అది మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. రెండేళ్ల తర్వాత వచ్చిన అధ్యయనంలో ఆ ప్రాంతపు చెరువు నీటిలోనే అదే మందు లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు తేలింది.

మరో ప్రయోగం చేపలకు ఇంకా దగ్గరిది. ఆ శుద్ధి చేసిన నీటిని వెయ్యి పాళ్లలో రెండు పాళ్లుగా పలచన చేసి కప్పపిల్లల్ని పెంచితే, వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. చావు కనిపించకపోవచ్చు. ఎదగని పిల్ల, గుడ్డు పెట్టని తల్లి, రోగాలకు లొంగిపోయే గుంపు, ఇవేవీ ఒడ్డున తేలవు, టీవీ కెమెరాలకు అందవు. జాతి మాత్రం ఏడాదికేడాది పలచబడుతుంది. ఈ అధ్యయనాల తర్వాత ద్రవ వ్యర్థాలు బయటికి వదలకూడదన్న నిబంధనలు బిగిసిన మాట నిజం. గండిగూడెం లాంటి చెరువులు చూస్తే ఆ బిగింపు ఎంతవరకో అర్థమవుతుంది.

పిలిచి తెచ్చుకున్న శత్రువులు

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఆ పరిశోధన జరిగిన ఇల్లు ఇప్పటికీ ఉంది. దోమే దోషి అని తేలాక ప్రపంచమంతా దోమ పిల్లల్ని తినే చేప కోసం వెతికింది. అమెరికాలో పుట్టిన గంబూజియా అలా ఖండాలు దాటింది. 1928లో ఇటలీ నుంచి భారత్‌కు వచ్చింది. జీహెచ్‌ఎంసీ కీటక విభాగం ఇప్పటికీ చెరువుల్లో గంబూజియాను వదులుతోంది. చిక్కేమిటంటే ఈ చేప దోమ పిల్లలతో ఆగదు, మిగతా చేపల గుడ్లూ పిల్లలూ మింగుతుంది, తన కంటే పెద్దవాటి తోకలు కొరుకుతుంది. ఐయూసీఎన్ తయారు చేసిన ప్రపంచంలోని వంద అతి ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో దానికి చోటు దక్కింది. దోమ పిల్లల్ని తినే చిన్న చేపలు మన చెరువుల్లో ముందు నుంచే ఉన్నాయి. వాటిని పోగొట్టుకుని, పరాయిదాన్ని తెచ్చి, ఆ పరాయిదానితో మిగిలినవాటినీ పోగొట్టుకోవడం మన ఘనత.

తిలాపియా 1952లో వచ్చింది. గుడ్లు నోట్లో దాచుకుని పొదుగుతుంది, నిలవ నీటిలోనే పిల్లల్ని కంటుంది, మురుగుకు జంకదు. వల వేస్తే అరచేయంత తిలాపియాలే వల నిండా పడతాయి. ఆఫ్రికా మార్పును పెంచకూడదని కేంద్రం ఏనాడో నిషేధించింది. అయినా నగరం చుట్టూ గుట్టుగా కోళ్ల వ్యర్థాలు మేపి పెంచిన చేపల్ని అధికారులు పట్టుకుని పూడ్చిపెట్టడం తరచూ వార్తే. వాన పడి కుంట తెగితే ఆ ఆఫ్రికా మార్పు మన మార్పును మింగే దొరలా చెరువులో దిగుతుంది. ఒక మాట న్యాయంగా చెప్పాలి. మన మార్పు కూడా అమెరికాలో ఫ్లోరిడాకు వెళ్లి అక్కడి చేపల్ని ఏడిపించింది. ఆ వంద దుష్టుల జాబితాలో దాని పేరూ ఉంది. ఎవరి చెరువులో వాళ్లే మంచివాళ్లు.

ఇప్పుడు కొత్తగా దెయ్యం చేప. ఒళ్లంతా గట్టి పెంకు, దక్షిణ అమెరికా పుట్టుక. అక్వేరియం గోడలకు పట్టిన నాచు నాకుతుందని ముచ్చటపడి కొంటారు. పెద్దదయ్యాక చంపబుద్ధికాక, పుణ్యమనుకుని చెరువులో వదులుతారు. కృష్ణా గోదావరి తీరాల్లో వలలు చింపేస్తోందని మత్స్యకారులు మొత్తుకుంటున్నారు. సికింద్రాబాద్‌కు కూతవేటు దూరంలో హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీన్ని పట్టే చక్కటి మార్గం కనిపెట్టారు. చేపను చూడనక్కర్లేదు. చేప ఒంటి నుంచి నీటిలో రాలిన డీఎన్‌ఏ ఆనవాలు చెంబెడు నీటిలో దొరుకుతుంది. జి. ఉమాపతి బృందం ఆ పద్ధతితో తూర్పు కనుమల్లో వెతికితే, పరీక్షించిన జలాశయాల్లో దాదాపు 60 శాతంలో ఈ చేప జాడ కనిపించింది.

ఇలాంటి రాకపోకల ఫలితం ఎలా ఉంటుందో ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు చూపించింది. 1950ల్లో వ్యాపారం కోసం నైలు పెర్చ్ అనే పెద్ద చేపను అందులో వదిలారు. ఆ సరస్సుకే ప్రత్యేకమైన చిన్న చేపలు వందల జాతులు కనుమరుగయ్యాయి. ఎగుమతి డాలర్లు మాత్రం వచ్చాయి. ప్రపంచ వన్యప్రాణి నిధి 2024 నివేదిక ప్రకారం 1970 నుంచి 2020 మధ్య, గమనించిన మంచినీటి ప్రాణుల సంఖ్య సగటున 85 శాతం పడిపోయింది. అడవులు, సముద్రాల కంటే ఈ పతనం ఎక్కువ.

ఉచిత పిల్లలు, ఖరీదైన మతిమరుపు

బొచ్చె, రవ్వ, మెరిగె నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే నది కావాలి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి ఈ చేపలకు సూదితో గ్రంథిరసం ఎక్కించి చెరువులోనే గుడ్లు పెట్టించారు. దేశంలో చేపల పెంపకం రూపురేఖలు ఆ రోజుతో మారాయి. జులై 10ని మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే. తెలంగాణలో 46 వేల చెరువుల పునరుద్ధరణకు 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. ఆ వెంటే 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ వచ్చింది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాల సహకార సంఘాలకు దాంతో చేతికి నాలుగు డబ్బులొచ్చాయి. పథకాన్ని తప్పుపట్టడం వాళ్ల అన్నం గిన్నె మీద కొట్టడమే అవుతుంది. ఆ పాపం నాకొద్దు.

తగువు వేరేచోట ఉంది. వదిలిన పిల్లే చెరువు ఆరోగ్యానికి కొలత అయిపోయింది. ఏటా లక్షల పిల్లలు వదులుతున్నాం కాబట్టి చెరువు బాగుందనుకుంటున్నాం. వాటంతట అవి సంతానం పెంచుకోలేని చేపల్ని ప్రతి ఏడూ తెచ్చిపోస్తేనే చేప కనిపించే చెరువు బాగున్న చెరువు ఎలా అవుతుంది? పైగా పంచే నాలుగు రకాల్లో బంగారు తీగ ఒకటి. అదీ ఆ వంద ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్నదే. అడుగు మట్టిని తవ్వి నీటిని బురద చేస్తుంది, నీటి మొక్కల వేళ్లు పెకిలిస్తుంది. పరక గుడ్లు పెట్టుకునేది ఆ మొక్కల మధ్యనే. రాష్ట్ర చేప కొర్రమీనును చెరువుల్లో ఎక్కువగా వదలాలని ఎందరో అడిగారు. అది మాంసాహారి, పెంచడం ఖర్చు, సాటి పిల్లల్ని తినేస్తుంది అన్నది జవాబు. జవాబులో పస ఉంది. అయితే దాన్ని వదలనక్కర్లేదు. మట్టి ఒడ్డూ, గడ్డీ, మృగశిర తర్వాత రెండు నెలలు వల పడని తీరికా ఇస్తే తన సంసారం తనే చూసుకుంటుంది. అది గుడ్లు మోసుకొచ్చే కార్తెలోనే మనం దాన్ని వెతికి వెతికి తింటాం. ఇందులో తప్పంతా తినేవాడిది కాదు. కానీ కాలం అదేనని గుర్తుంచుకోవడంలో నష్టం లేదు.

పనులేమీ జరగడం లేదని అనను. నగరంలో రోజుకు పుట్టే మురుగు 1,650 మిలియన్ లీటర్లని 2021లో లెక్క తేల్చి, 3,866 కోట్ల రూపాయలతో 31 శుద్ధి కేంద్రాలు తలపెట్టారు. 2024 జులైలో పుట్టిన ఆక్రమణల తొలగింపు సంస్థ హైడ్రా చెరువుల హద్దుల మీద ఎన్నడూ లేనంత చర్చ రేపింది. హద్దు మిగిలితేనే నీరు మిగులుతుంది, ఒప్పుకుందాం. అయితే శుద్ధి చేసిన నీటిలో కూడా నత్రజని, భాస్వరం ఎంతో కొంత మిగులుతాయి. దాన్ని నేరుగా చెరువులోకి వదిలితే నాచు మళ్లీ మొదటికొస్తుంది. తుంగ, జమ్ము పెరిగే చిత్తడి మడుగులోంచి పారించి వదిలితే ఆ బరువు చాలావరకు తగ్గుతుంది, ఒడ్డున చేపకు గుడ్లు పెట్టే చోటూ దొరుకుతుంది. ఇక చేపల లెక్క. పద్ధతి సీసీఎంబీ దగ్గర ఉంది. మంచినీటి ప్రాణుల మీద పనిచేసే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. పేర్లు చెప్పగల జాలరులు ప్రతి చెరువు కట్ట మీదా ఉన్నారు. ఏడాదికి ఒక్కసారి, వానల తర్వాత, ప్రతి చెరువులో ఏ జాతులున్నాయో రాసి బోర్డు పెట్టడానికి కోట్లు అక్కర్లేదు.

ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లకు ఒక మనవి. చేప పెద్దదైందనో, ఇల్లు మారుతున్నామనో దాన్ని చెరువులో వదలకండి. కొన్న దుకాణానికే తిరిగివ్వండి. సఫిల్‌గూడలోనో, కాప్రాలోనో ఉదయం నడకకు వెళ్లేవాళ్లు, చెరువు అభివృద్ధి మీద కాలనీ సంఘాలు మీటింగు పెట్టినప్పుడు ఒడ్డు ఎంత పొడవున మట్టితో మిగులుతుందని అడగండి. ఎన్ని లక్షల పిల్లలు వదిలారో అధికారులు చెబుతారు. వాళ్లు చెప్పడం ముగించాక, చెరువులో మొత్తం ఎన్ని రకాల చేపలున్నాయో, పోయినేడు ఎన్ని ఉండేవో కూడా చెప్పమనండి.